ప్లేటు మీది అంకె

గురువారాలు నేను గ్లెన్‌హాఫ్ వస్తాను.
కోర్టు భవనం నేలమాళిగలో ఒక బల్ల, ఒక కెమెరా,
కిందికి పోయేకొద్దీ చిన్నవైపోయే అక్షరాల పటం.
పదకొండేళ్ళుగా నా పని
మనుషుల్ని రోడ్డు మీదికి వదలడం,
లేదా వదలకపోవడం.

నార్త్ డకోటాలో తొలిమంచు రాలిన వారం
మార్లిస్ ట్వైట్ వచ్చింది.
గోళ్ళలో మైనం, చొక్కాకి పొగ వాసన.
తలుపు దగ్గరే ఆగిపోయాడు ఆమె భర్త ఆర్విడ్.
ముప్పై ఏళ్ళు తేనెపెట్టెలు లాగిన లైసెన్సు అతనిది.
అతని చూపు నడిమధ్యన మచ్చ ఉందని
పోయిన చలికాలం డాక్టరు రాశాడు.
ఆ మచ్చలోనే రోడ్డంతా పోయింది.

"మాది పికప్పేగా," అంది. "లారీ కాదుగా."

పికప్పే.
నేను బయటికి నడిచి ట్రైలర్ మెడ దగ్గర వంగి
బొటనవేలితో బురద తుడిచాను.
"ట్రక్కుది పధ్నాలుగు వేల పౌన్లు.
దీనిది పదిహేను వేల తొమ్మిది వందలు.
రెండూ కలిపితే ఇరవై ఆరు వేలు దాటింది,
ఇదొక్కటే పది వేలు దాటింది.
క్లాస్ ఎ లేకుండా కదపకండి."

"ఒక్క పెట్టె కూడా లేదు, ఖాళీ!"

"ఖాళీయే. ప్లేటు ఖాళీ కాదు.
మీరు మోస్తున్నదాన్ని చట్టం తూచదమ్మా,
మోయగలరని ఇనుము మీద కొట్టిన మాటని తూస్తుంది."

ఆమె ఆర్విడ్ వైపు చూసి
"అట్లా అయితే నన్నెప్పుడో తూచాల్సింది," అంది.

రైతులకి మినహాయింపు ఉంది కదా అని అడిగింది.
ఉంది. నూట యాభై మైళ్ళు.
అంతదాకా మీరు రైతు.
నూట యాభై ఒకటో మైలురాయి దగ్గర,
అవే తేనెటీగలు, అదే చలి, అదే చేతులు,
మీరు డ్రైవరు.
కాలిఫోర్నియా బాదం తోటలేమో
పదిహేను వందల మైళ్ళ అవతల
ఫిబ్రవరికల్లా పూస్తాయి.

కూర్చుంది మరి,
బిస్మార్క్ శిక్షణ బడిలో, మీసాలింకా రాని కుర్రాళ్ళ పక్కన.

డిసెంబరులో పరీక్ష.
ప్రతి భాగాన్నీ ముట్టుకుని పేరు చెప్పాలి:
కొక్కెం, పిన్ను, గొలుసులు,
బండి తెగిపోతే బ్రేకు పట్టే సన్నని తీగ.
పార్కింగు అవతల బెంచీ మీద ఆర్విడ్ పెదవులు
ఆమెకంటే అరమాట ముందు కదులుతున్నాయి.
మధ్యలో ఈదురుగాలి.
దాన్ని అందించడం అంటారా?
నేనైతే రాసుకోలేదు.

ఇక వెనక్కి నడపడం.
తోక ఎడమకి పోవాలంటే చేయి కుడికి తిరగాలి.
ఈ ఒక్క ముక్క తలకెక్కుతుంది గాని
ఒంటికి ఎక్కదు, చాలామందికి.
దిగి చూసుకోవడానికి రెండుసార్లు వీలుంది.
రెండూ వాడుకుంది.
రెండోసారి కోను పక్కన ఎంతసేపు నిలబడిందంటే
నా పెన్నులో ఇంకు గడ్డకట్టింది.
ఏనుగంతా దూరింది,
తోక దగ్గర కోను పడిపోయింది.

"వచ్చే గురువారం," అన్నాను.
"రోడ్డున్నంతవరకూ వస్తాను," అంది.
వాళ్ళ మేనల్లుడు స్టీరింగు ఎక్కాడు.
ఆమె నడిమి సీట్లో ఇరుక్కుని కూర్చుంది,
కిటికీ పక్క చోటు ఆర్విడ్‌కి వదిలి.
ఏం కనిపిస్తుందని, అనిపించింది నాకు.
అద్దం దించి, చెవి బయటికి పెట్టి
గొలుసుల చప్పుడు విన్నాడు అతను.

వచ్చే గురువారం
నాకంటే ముందే వచ్చి ఉన్నారు.
"సొంత పొలంలో సాధన చేశాను," అంది,
"కోన్లు లేవు, పాత తేనెపెట్టెలు పెట్టుకుని.
అరవై దాకా గుద్దాను. అన్నీ ఖాళీవే."

నేను అలవాటుగా నోరు తెరిచి, మూసుకుని,
ట్రైలర్ మెడ దగ్గరికి వంగాను.

ప్లేటు మీద బురద
అప్పటికే తుడిచి ఉంది.